బరక

“ఆ పరుపు కూడా ఎత్తమ్మా! దాని కిందేం దాచాడో చూద్దాం.”

మా అమ్మాయి అప్పటికే వంటింటి అలమరంతా నేల మీదికి దించేసింది. పంచదార డబ్బా, బిస్కెట్ల డబ్బా, ఎవరైనా పిల్లలొస్తే పెడదామని నేను దాచిన బెల్లం ముక్క, అన్నీ వరసగా పేర్చుకుని వాటి మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు. నేను నా ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినదాన్లా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

“పరుపు కింద మంచం ఉంటుంది. తిండి దాచుకోడానికి మీ నాన్నేమన్నా ఎలుకా?” అన్నాను.

“మరి ఎక్కడ తింటున్నాడు? గాలి పీలిస్తే పెరిగిందా షుగర్?”

నా ఏడుపల్లా అదే.

మా అమ్మాయిది కంటాస్పత్రిలో కిటికీ దగ్గర కూర్చుని చీటీలు రాసిచ్చే ఉద్యోగం. పెద్ద డాక్టరుగార్ని బతిమాలి, బామాలి, వాళ్ల నాన్న కంటి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేయించుకుంది. ఇంట్లో చూసే అంకె దిగకపోయినా ఆశ చావక తీసుకెళ్లింది. తీరా ఇవాళ పొద్దున్న రక్తం చూస్తే షుగర్ పోయినసారి కంటే ఎక్కువుంది. “ఇంత షుగర్‌తో ఈ కన్ను నేను ముట్టుకోను. దించుకుని రండి. ఎక్కువ ఆలస్యం చేయకండి, రెండో కన్ను కూడా అదే దారిలో ఉంది” అని డాక్టరుగారు వెనక్కి పంపేశారు. తోటి ఉద్యోగుల ముందు దానికి తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఇంటికొచ్చి డబ్బాల మీద చూపిస్తోంది.

మా ఆయన కిటికీ పక్కన కుర్చీలో, మొహం వెలుతురు వైపు పెట్టుకుని కూర్చున్నాడు. ఈమధ్య ఎప్పుడూ అంతే. వెలుతురున్న వైపుకే తిరిగి ఉంటాడు.

“చొక్కా జేబులు చూశావా తల్లీ?” అన్నాడు నెమ్మదిగా.

వెటకారమని దానికి తెలుసు. అయినా లేచి వెళ్లి చూసింది! ఒక బోల్టు, ఒక సుద్దముక్క, పళ్లు కుట్టుకునే పుల్ల దొరికాయి. అవి చేతిలో పట్టుకుని దానికి ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

“పిండిమరలో చూడరా! బస్తాల వెనకాల చూడు!” అని తమ్ముడి మీద పడింది.

మా అబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడిది వాళ్ల నాన్న పోలిక, పది మాటలకి ఒక మాట. “నేను పొద్దస్తమానం నాన్న పక్కనే ఉంటానక్కా. నాన్న ఏమీ తినట్లేదు” అన్నాడు.

“నువ్వు కూడా కలిశావన్నమాట.”

“ఒట్టు.”

“మీ అందరికీ ఆయనంటే జాలి. ఆ జాలే ఆయన కళ్లు తీసేస్తోంది!”

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. చేత్తో గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, మా అమ్మాయి వైపు కాదు, పంచదార డబ్బా వైపు చూస్తూ అన్నాడు.

“ఆ డాక్టరు చెప్పిన రోజునుంచీ తెల్లన్నం ముట్టలేదు. తీపి ముట్టలేదు. టీ కూడా చప్పగా తాగుతున్నాను. జొన్నలు తినమన్నారు, తింటున్నాను. కొర్రలన్నారు, బార్లీ అన్నారు. నా చేతుల్తో నేనే మర పట్టుకుని తింటున్నాను. మాత్రలు మింగుతున్నాను. ఇంతకంటే నాకు చేతకాదు.”

“మరి ఇదేంటి నాన్నా?” అని రక్తపరీక్ష చీటీ ఆడించింది.

“అది నాకు తెలీదు. కానీ నన్ను దొంగ అన్నవాళ్లు ఇంక నా వేలు పట్టుకోవద్దు. నమ్మనప్పుడు ఆ చుక్క రక్తం మాత్రం ఎందుకు నీకు?”

రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ అది వాళ్ల నాన్న వేలు గుచ్చి, చిన్న మిషన్‌లో షుగర్ చూసి వెళ్తుంది. ఆ రోజు సాయంత్రం వేలు ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. మిషన్ సంచీలో పెట్టుకుని వచ్చిన దారినే పోయింది పిల్ల. అంతటితో ఆగాడా మహానుభావుడు? కూర కూడా మానేశాడు. “ఇంక జావ తప్ప ఏదీ ముట్టను. అప్పుడైనా నమ్ముతారేమో” అన్నాడు.

ఈ తండ్రీకూతుళ్ల మధ్య నలిగి నేను పిండైపోయాను.

నాకు ఆయన మీద నమ్మకముందా అంటే ఉంది. కానీ అంకె చూసినప్పుడల్లా ఓ అనుమానం తొంగిచూసేది. ఆఖరికి ఇలా కాదని, ఆయన తినే పిండి ఒక డబ్బా నిండా తీసుకుని నేనే ఆస్పత్రికి బయల్దేరాను. ఏం తినాలో ఏం తినకూడదో చెప్పే ఆవిడ మేడ మీద ఉంటుంది. ఆవిడ చేతే మా ఆయన దొంగ కాదని చెప్పిద్దామని నా ఎత్తు.

ఆవిడకి మా అమ్మాయి వయసే ఉంటుంది. బల్ల మీద గాజు సీసాల్లో ముడిబియ్యం, జొన్నలు, కొర్రలు, బార్లీ. చూడగానే నాకు ధైర్యమొచ్చింది. అన్నీ మా ఇంట్లో ఉన్నవే.

“ఇదిగోనమ్మా, మా ఆయన తినేది. ఇందులో ఏం తప్పుందో చెప్పండి” అని డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

ఆవిడ చిటికెడు తీసి వేళ్ల మధ్య రాసింది. ఇంకోసారి రాసింది. నా వైపు చూసింది.

“ఇది మొహానికి రాసుకునేదాండీ?”

“అయ్యో, పిండి! జొన్నలు, కొర్రలు, బార్లీ కలిపి. మా మరలో పట్టిందే. మా మర పిండంటే అలాగే ఉంటుంది మరి” అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

“ఎన్నిసార్లు పట్టారు?”

“బయటివాళ్లకైతే ఒకసారే. ఆయన కోసం కదా, రెండుసార్లు. తర్వాత పల్చటి గుడ్డలో జల్లిస్తాం.”

“పైన మిగిలిన పొట్టు?”

“పక్కింటివాళ్ల కోళ్లకి.”

“అయితే ఆ కోళ్లకి షుగర్ రాదు లెండి” అంది.

ఆవిడ డబ్బా మూత పెట్టి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

“గింజ మంచిదేనండీ. తప్పు గింజది కాదు, మీవారిది అసలే కాదు. గింజని గింజలా తింటే నోరు నమలాలి, కడుపు నలపాలి. పైన పొట్టుంటే అదింకా నిదానం. ఆ నిదానంలో చక్కెర కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. మీ మర ఏం చేసిందంటే, నోరూ కడుపూ చేయాల్సిన పనంతా ముందే చేసిపెట్టింది. పొట్టూ తీసేశారు. ఇంక లోపలికి వెళ్లడం ఆలస్యం, ఒకటే పరుగు. ఇంతకీ దీంతో ఏం చేస్తారు?”

“జావ. ఆయనవి కట్టుడు పళ్లు. గట్టివి నమల్లేడు. పల్చగా కాస్తే గుటుక్కున తాగేస్తాడు.”

“ఎన్ని గ్లాసులు?”

జావ మంచిదేగా, అన్నం కాదుగా అని, ఆయన చాలన్నా వినకుండా గ్లాసు మీద గ్లాసు పోసింది నేనే.

“మంచిదైనా కొలత ఉంటుందండీ” అంది ఆవిడ. ఏ పొరపాటు జరిగిందో ఆవిడకి నా మొహంలోనే కనిపించినట్టుంది. “భయపడకండి. మాత్రలు ఆపొద్దు. ఇదే గింజ పొట్టుతోనే బరకగా విరిపించండి. నానబెట్టి మెత్తగా ఉడకనివ్వండి, పళ్లకి ఇబ్బంది ఉండదు. చిన్న గిన్నెడు చాలు. పక్కన కూరా పప్పూ ఎక్కువ పెట్టండి. నమిలి, నిదానంగా తినమనండి. తిన్న రెండు గంటలకి రక్తం చూడండి, తేడా మీకే తెలుస్తుంది.”

మెట్లు దిగుతూ ఆ ఒక్క మాటే నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. బరక.

ఈ ముక్క మా ఆయనకి నేనెలా చెప్పేది?

మీకు తెలీదు. నేను ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు మర లేదు, మోటారు లేదు. పెరట్లో ఒక తిరగలి ఉండేది. పొద్దున్నే మా అత్తగారు దాని ముందు కూర్చుంటే ఆ గుర్రుమనే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆవిడ అటు, నేను ఇటు, పిడి మీద ఇద్దరి చేతులు. తిప్పుతూ ఆవిడ చెప్పని కబురు ఉండేది కాదు. ఎవరి కోడలు ఎవరినేమంది, మా ఆయన చిన్నప్పుడు ఏ పెంకితనం చేశాడు, అన్నీ ఆ తిరగలి దగ్గరే విన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఇప్పటికీ ఆ పొద్దులంటే బెంగ.

కానీ మా ఆయనకి ఆ చప్పుడంటేనే పడదు. అప్పట్లో ఆయన వేరేవాళ్ల పిండిమరలో బస్తాలు మోసేవాడు. ఊరందరికీ వెన్నలాంటి పిండి మోసి, ఇంటికొచ్చి బరక ముద్ద తినేవాడు. కొన్నాళ్లకి చిగుళ్లు ఒరుసుకుని మండేవి. వాళ్లమ్మ అరచేతులు చూస్తే కాయలు కాసి చెక్కలా ఉండేవి. కంచం ముందు కూర్చుని ఆ చేతుల వంకే చూస్తూ ఉండేవాడు.

ఎన్ని తంటాలు పడ్డాడో ఏమో, ఆఖరికి సొంత మర పెట్టాడు. మొదటిసారి మోటారు వేసిన రోజు నా కళ్ల ముందే ఉంది. బెల్టు టపటపమని కొట్టుకుంటోంది, గొట్టం చివర కట్టిన గుడ్డసంచీ పొట్ట ఉబ్బించుకుంది. ఆయన కనురెప్పల మీద కూడా పిండే. దోసిట్లో వెచ్చటి పిండి పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ నాలిక మీద కాస్త వేసుకుంది. కళ్లనీళ్లు జలజలా కారాయి.

“చూశావా అమ్మా, కరిగిపోయింది! ఇంక ఈ ఇంట్లో ఎవరూ తిరగలి తిప్పరు. బరక ముద్ద ఎవరి నోట్లోకీ పోదు” అన్నాడు.

ఆ సాయంత్రమే తిరగలి పైరాయి ఎత్తుకెళ్లి మర గుమ్మం ముందు మెట్టుగా పాతేశాడు. కిందిరాయి పెరట్లో నీళ్ల డ్రమ్ము కిందికి వెళ్లింది. అప్పట్నుంచీ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆ మెట్టు తొక్కుతూనే ఉన్నారు. ఆయన పిండి మెత్తదనం మాత్రం పేరు మోసింది. రొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు ఊరి ఆ చివర్నుంచి ఇక్కడికే వస్తారు.

అలాంటి మనిషికి వెళ్లి, నీ పిండే నీ కళ్లు తీస్తోందని చెప్పాలి.

నేను మాటలు కూడగట్టుకునేలోపే మా అమ్మాయి వచ్చేసింది. ఆస్పత్రిలో ఆవిడ దానికి అంతా చెప్పిందట. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “నాన్నా, తప్పు నీది కాదు, పిండిది. మరీ మెత్తగా పడుతున్నావు. జావ అసలు తాగొద్దన్నారు” అని ఉన్నదున్నట్టు అనేసింది. చెప్పడం తెలీని పిల్ల!

“నా పిండా?” అన్నాడు మా ఆయన.

“రెండుసార్లు పట్టి జల్లించింది. పొట్టుతో బరకగా తినాలట.”

“ఊరంతా తింటోంది ఆ పిండే. ఊరంతా బాగుంది.”

“ఊరంతటికీ షుగర్ లేదండీ” అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. సరిగ్గా నా మొహం దగ్గరికి కాదు, కొంచెం పక్కకి. “అంటే నువ్వూ వెళ్లొచ్చావా?”

“మీరు దొంగ కాదని చెప్పించుకుందామని వెళ్లాను.”

“చెప్పించుకున్నావుగా. దొంగని కాదు. నా కళ్లు నేనే పొడుచుకునే వెర్రివాణ్ణి.” లేచి మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. “నా మర బరక ఆడదు. ఈ కళ్లు పోతే పోనీ” అన్నాడు గోడతో.

మా అమ్మాయి మిషన్ బయటికి కూడా తీయలేదు.

మర్నాడు పొద్దున్న మరలో ఇంకో గొడవ. మా అబ్బాయి వాళ్ల నాన్న అటు వైపు స్టూలు మీద కూర్చున్నాడు కదా అని, రాళ్ల మధ్య సందు పెంచే చక్రం మెల్లగా వదులు చేశాడు. మర మోతలో వెంట్రుకవాసి తేడా వచ్చిందో లేదో, ఈయన పులిలా లేచాడు.

“ఎవర్రా రాయి వదిలింది?”

సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

“నీ కోసమే నాన్నా... కొంచెం...”

“బిగించు! ఈ మరలోంచి బరక వచ్చిన రోజున తాళం వేసి తాళంచెవి నూతిలో పారేస్తా!”

వాడు బిగించాడు. వాడి చెవులు ఎర్రబడిపోయాయి. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నాళ్లని ఊరుకుంటారు ఎవరైనా? ఈయన పంతం నిలబడాలి, కళ్లు పోవాలి, నేను చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇదేనా?

“ఒరేయ్, గునపం పట్టుకురా” అన్నాను.

“ఎందుకమ్మా?”

“పట్టుకురమ్మంటే పట్టుకురా. ఈ మెట్టు తవ్వు.”

రొట్టెలమ్మే ఒకావిడ నోరు నొక్కుకుంది. “అయ్యో పిన్నీ, గుమ్మం ముందు గొయ్యేంటి?” అంది.

“నీకు దారి పక్కనుంచి ఉందిలే అమ్మా, నువ్వు రా” అన్నాను.

గునపం రాయికి తగిలి ఖంగుమంది. లోపల్నుంచి మా ఆయన, “ఏంటా చప్పుడు?” అన్నాడు.

“మీ అమ్మ తిరగలి తీస్తున్నాం.”

రాయి పెకలించి వెల్లకిలా తిప్పాక మా అబ్బాయి, “అమ్మా, ఇటు చూడు” అన్నాడు. పైవైపు కాళ్ల కింద అరిగి అద్దంలా ఉంది గానీ, మట్టిలో బోర్లా ఉన్న వైపు గంట్లు గంట్లుగానే ఉన్నాయి. ఆ గంట్లు చూడగానే నాకు మా అత్తగారే ఎదురొచ్చినట్టయింది. అక్కడే, అందరి ముందూ, కళ్లు తుడుచుకున్నాను.

రాళ్లు రెండూ కడిగి ఎండలో ఆరబెట్టాం. పిడి ఎప్పుడో పోయింది, సుత్తి కర్ర ఒకటి కోసి మా అబ్బాయి బిగించాడు. మధ్యాహ్నం తిండి వేళకి మర ఆపేశాక, పెరట్లో గోడ నీడన జొన్నలూ బార్లీ పోసుకుని కూర్చున్నాను.

ఒకప్పుడు ఇద్దరం తిప్పిన రాయి. ఇప్పుడు ఒక్కదాన్నే. రెండు చుట్లు తిప్పేసరికి భుజం లాగేసింది. అయినా ఆపలేదు. గుర్రుమని ఆ చప్పుడు మొదలయ్యాక నా వల్ల కూడా కాలేదు ఆపడం. గింజ విరిగి రాయి అంచునుంచి పలుకులు పలుకులుగా రాలుతోంది. కొత్తగింజ పగిలిన వాసన. నా ఎదురుగా ఎవరో కూర్చుని కబుర్లు చెప్తున్నట్టే ఉంది.

వెనక వాకిట్లో అడుగుల చప్పుడయింది. తలెత్తి చూస్తే మా ఆయన ద్వారం పట్టుకుని నిలబడ్డాడు. ఎండ ఆయన మొహం మీద పడుతోంది. ఆ మసక కళ్లకి నీడలో వంగి తిరగలి తిప్పుతున్న ఒక ఆడమనిషి ఆకారం తప్ప ఇంకేమీ కనపడి ఉండదు.

“అమ్మా?” అన్నాడు.

చిన్నపిల్లాడి గొంతు అది. ఆ గొంతు నేను ఇన్నేళ్ల కాపరంలో ఒక్కసారీ వినలేదు. నా చెయ్యి ఆగిపోయింది.

“నేనండీ” అన్నాను.

ఆయన గోడ తడుముకుంటూ వచ్చి తిరగలికి అటువైపు చతికిలబడ్డాడు. చెయ్యి చాపి పిడి వెతుక్కున్నాడు. నా చెయ్యి దొరికింది. అరచేతి మీద వేలు పెట్టి చూశాడు.

“బొబ్బ లేచిందే.”

“లేవదూ మరి? మీ అమ్మకి కాయలే కాశాయి.”

“మళ్లీ ఈ ఇంట్లో ఎవరూ దీన్ని తిప్పకూడదనే కదా మర పెట్టింది” అన్నాడు.

“తిప్పకూడదనే. తినకూడదని కాదు.”

“అమ్మ ఆ పిండి నోట్లో వేసుకుని ఎంత ఏడ్చిందో నువ్వు చూశావు.”

ఇంక దాచి లాభం లేదనిపించింది. “ఆవిడ ఏడ్చింది పిండి మెత్తగా ఉందని కాదండీ. ఇంక తిప్పక్కర్లేదని. ఆ సాయంత్రం నాతో ఏమందో తెలుసా? ‘పిండి బాగానే ఉందే, కానీ నోట్లో ఏమీ లేనట్టుంది. మీ ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు’ అంది.”

“ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“అనొద్దందిగా!”

నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. భుజాలు మాత్రం కదిలాయి. చొక్కా చేతితో మొహం తుడుచుకుని, రాయి అంచున రాలిన పలుకులు గుప్పెట్లోకి తీసుకున్నాడు. వేళ్ల మధ్య రాశాడు. ఊరందరి పిండీ రాసి చూసిన వేళ్లవి. “మరీ పెద్ద పలుకు. ఉడకదు” అన్నాడు. “రాయి సరిగ్గా కూర్చోలేదు. నువ్వు తిప్పడం కూడా మర్చిపోయావు.”

“అయితే మీరే ఆడించండి.”

లేచాడు. గింజల గిన్నె చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మరలోకి నడిచాడు.

కాసేపటికి మోటారు పలికింది. ముందు ఎప్పటి మోతే. తర్వాత, నేను చెవి రిక్కించి వింటూనే ఉన్నాను, ఆ మోత మెల్లగా వదులైంది. గరగరమంది. ఆ మర పెట్టాక అది అలా పలకడం అదే మొదలు. మా అబ్బాయి అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాడు.

“ఏమే, ఇలా రా!” అని కేక.

వెళ్లేసరికి దోసిట్లో బరక పట్టుకుని నిలబడ్డాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. “చేతికి సరిగ్గానే ఉంది. పొట్టు ఉందో పోయిందో నువ్వు చూసి చెప్పు. నాకు కనిపించట్లేదు” అన్నాడు.

కనిపించట్లేదని నోటితో అనడం కూడా అదే మొదలు. మా అబ్బాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఉందండీ. గింజలో ఉన్నదంతా ఉంది” అన్నాను.

నానబెట్టి, మెత్తగా ఉడికించి, చిన్న గిన్నెడు పెట్టాను. పక్కన గిన్నె నిండా కూర. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎప్పటిలా మింగబోయి, ఆగి, నమిలాడు. కట్టుడు పళ్లు కటకటమన్నాయి. చాలాసేపు నమిలాడు. నేను ఆయన మొహం వంకే చూస్తున్నాను.

“నోట్లో ఏదో ఉన్నట్టుందే” అన్నాడు.

గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నట్టు ముందుకి తోశాడు. నేను వండిన తపేలా మీద మూత పెట్టి దాని మీద చెయ్యి పెట్టాను. “కూర ఉంది, అది తినండి” అన్నాను. “గయ్యాళి” అన్నాడు, కానీ కూర తిన్నాడు.

సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. గుమ్మం ముందు మెట్టు లేకపోయేసరికి తూలి పడబోయి నిలదొక్కుకుంది. లోపలికొచ్చి, తిరగలి చూసింది, పలుకుల గిన్నె చూసింది, నన్ను చూసింది. సంచీ ఒళ్లో పెట్టుకుని వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుంది. మిషన్ తీయడానికి చెయ్యి రావడం లేదు దానికి.

“అమ్మా, నాన్న తిని రెండు గంటలైందా?” అంది నాతో, ఆయన అక్కడ లేనట్టు.

“అయింది” అన్నాడు ఆయనే.

మరలో మోటారు ఆగిపోయింది. మా అబ్బాయి వచ్చి ద్వారంలో నిలబడ్డాడు.

“తల్లీ, ఒక మాట” అన్నాడు మా ఆయన. “ఆ మిషన్‌లో ఇవాళ ఏమొస్తుందో నాకు తెలీదు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ఒక్కపూటతో తేలేది కాదు కూడా. అది చూడకముందే చెప్పు. నేను దొంగతిండి తిన్నానా?”

మా అమ్మాయి తలెత్తింది. దాని కళ్లు నిండాయి.

“లేదు నాన్నా” అంది. “నీ కళ్లేమైపోతాయోనన్న భయంతో నోటికొచ్చినట్టు వాగాను.”

మా ఆయన చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. గాల్లో కాస్త వెతుక్కుని, దాని ఒడిలోకి వేలు చాపాడు.

“అయితే గుచ్చు” అన్నాడు.